గినీ బస్తాలు

పొద్దున్నుంచీ ముసురు. విశాఖ పోర్టు నుంచి రావాల్సిన లారీ పదింటికి గానీ రాలేదు. మావయ్య అప్పటికే మూడు టీలు తాగి, డ్రైవర్‌ని నాలుగు సార్లు తిట్టాడు. ఎనభై కిలోల జీడిపిక్కల బస్తాలు, ఆఫ్రికా సరుకు. గోనె మీద అచ్చు సగం చెరిగిపోయి 'బిస్సావ్' అనే ముక్క ఒక్కటి మిగిలింది. పలాసలో పుట్టి పెరిగినోణ్ణి, 'గినీ పిక్కలు' అన్న మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. ఆ గినీ ఎక్కడుందో ఈరోజు దాకా మ్యాపులో చూసింది లేదు.

శాంపిల్ నా పని. కిలో పిక్కలు తూచి, ఎన్నున్నాయో లెక్కపెట్టి, కోసి, పప్పు ఎంత దిగిందో తూకం వెయ్యాలి. తడిసిన తార్పాలిన్ విప్పడానికి కుర్రాళ్ళు తంటాలు పడుతుంటే ఫోన్ తీశాను. పడమటి ఆఫ్రికా అంచున చిన్న దేశం, గినీ బిస్సావ్. ఒకప్పుడు పోర్చుగీసు వాళ్ళది. జీడిమామిడిని బ్రెజిల్ నుంచి మన గోవాకి తెచ్చింది కూడా వాళ్ళే కదా అనుకుంటూ ఇంకాస్త కిందకి జరిపితే యుద్ధం కనబడింది. 1963 నుంచి 1974 దాకా. గోవాని 1961 డిసెంబరులో పోగొట్టుకున్నాక కూడా ఆఫ్రికాని మాత్రం వదల్లేదు వాళ్ళు.

పిక్కలు పక్కన పెట్టి నేను చదివింది మూడు రోజుల ముచ్చట. 1973 మార్చి 25న ఆ దేశంలోని గిలెజ్ దగ్గర ఒక పోర్చుగీసు ఫియట్ జీ-91 ఫైటర్ విమానం కూలింది. కింద అడవిలోంచి ఎవరో భుజం మీద పెట్టుకుని పేల్చిన స్ట్రెలా క్షిపణి తగిలింది. గొట్టంతో సహా పదిహేను కిలోలు, ఇంజిన్ వేడిని పసిగట్టి వెంటపడుతుంది. పదిహేను కిలోలంటే మా కుర్రాళ్ళకి ఒక బరువే కాదు! పైలట్ మిగెల్ పెసోవా సీటుతో సహా బయటకి ఎగిరి, దెబ్బలతో అడవిలో రాత్రంతా పడున్నాడు. మర్నాడు కమాండోలు వెతికి తెచ్చారు. హెలికాప్టర్‌లో వెళ్ళిన వాళ్ళలో ఒక నర్సు ఉంది. తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడట. సినిమాలో చూపిస్తే మరీ అతిగా ఉందంటాం.

మార్చి 28న ఇంకో జీ-91. మదీనా దో బోయె వైపు. ఈసారి నడుపుతున్నది లెఫ్టినెంట్ కల్నల్ అల్మెయిదా బ్రిటో, బిస్సలాంకా స్థావరంలో ఆ ఫైటర్లున్న గ్రూపుకి కమాండర్. మళ్ళీ స్ట్రెలాయే. ఆయన బతకలేదు. తన కింద పనిచేసే కుర్రాడు కూలి మూడు రోజులే అయింది, తనే ఎక్కి వెళ్ళాడు. ఆ పొద్దున ఆయన కూడా టీయో కాఫీయో తాగే ఉంటాడు కదా అనిపించింది.

"ఏట్రా, పిక్కలు లెక్కెట్టమంటే ఫోన్లో ఏటి చూస్తన్నావు?" అన్నాడు మావయ్య.

"పోర్చుగీసు విమానం, మావయ్యా. కూలిపోయింది."

"ఎప్పుడు?"

"1973లో."

ఆయన చూసిన చూపు ఇక్కడ రాయను.

జాలిపడ్డానా అంటే పడ్డాను. కానీ ఆ జాలి కుదురుగా నిలబడలేదు. ఆ విమానాల బాంబులు పడింది వరి పండించుకునే ఊళ్ళ మీద, అంటుకుని మండే నాపామ్‌తో సహా. స్వాతంత్ర్యం కోసం పోరాడే అవతలి పక్షాన్ని నడిపిన అమిల్కార్ కబ్రాల్ వ్యవసాయ శాస్త్రవేత్త. 1953లో పోర్చుగీసు కొలువులోనే ఉండి, ఊరూరా తిరిగి ఆ దేశం పంటల లెక్కలు తీశాడు. 1973 జనవరి 20న ఆయన్ని పక్క దేశం గినీ రాజధాని కోనాక్రీలో చంపేశారు, అదీ సొంత పార్టీ వాళ్ళే. క్షిపణులు పనిచెయ్యడం ఆయన చూడలేదు. బ్రిటో చచ్చిపోయిన ఆరు నెలలకి, సెప్టెంబరు 24న, అదే మదీనా దో బోయె ప్రాంతంలో వాళ్ళు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. మరుసటి ఏప్రిల్లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో సైన్యమే తిరగబడి ప్రభుత్వాన్ని దించేసింది. ఇంకొక్క ఏడాది బ్రిటోని ఆఫీసులో కూర్చోబెట్టి ఉంటే? ఇలాంటి లెక్కలు రాత్రిపూట వేసుకోకూడదు, నిద్ర పట్టదు.

ఇంకోటి కూడా ఉంది. ఆ జీ-91లు అసలు గ్రీసు, టర్కీల కోసం తయారైనవట. వాళ్ళు వద్దనుకుంటే జర్మనీ చేతి మీదుగా పోర్చుగల్‌కి చేరాయి. ఒకరు వద్దన్న సరుకు ఇంకొకరికి అంటగట్టడం మా బజారులోనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మధ్యాహ్నం కత్తెరతో కోస్తుంటే ఒక పిక్క జారి పెంకులోని జీడి బొటనవేలికి అంటింది. బూడిద రాసినా మంట తగ్గలేదు, ఇది రాస్తున్నప్పటికి చర్మం నల్లబడి గట్టిపడింది. లెక్క నూట ముప్పయ్యేడు దగ్గర తప్పింది. మొదట్నుంచి మళ్ళీ పెట్టాను. రెండొందల నాలుగు. పప్పు బాగానే దిగింది. మావయ్య ఆ కాగితం చూసి, "రేపు ఇంకో లారీ ఉంది, ఫోన్ ఇంట్లో ఎట్టి రా" అన్నాడు.