సర్ఫేస్ ఏరియా ఆఫ్ రివల్యూషన్: జామ్ మ్యాథ్స్ రాసేవాళ్ళకి నా అనుభవం

ఐఐటీ జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకి రాసే పరీక్ష) మ్యాథ్స్‌కి చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కర్వ్‌ని తిప్పితే వచ్చే ఉపరితలం ఏరియా కనుక్కునే ఈ టాపిక్‌ని చివర్లో చూద్దాంలే అని పక్కన పెట్టబాకండి. మాది కావలి, డిగ్రీ కూడా ఆడే, కోచింగ్‌కి పోలా, నెల్లూరు పాసింజర్లో పోతా వస్తా చదివిందే ఎక్కువ. మా టైంలో ఇంటర్ 2బిలో ఇంటిగ్రేషన్ వాడకం కర్వ్ కింద ఏరియాతో ఆగిపోయేది, అందుకే మనోళ్ళకి డిగ్రీలో ఇది చూడగానే కొత్తగా, బరువుగా అనిపిస్తది, నిజానికి అంత లేదు.

కర్వ్‌ని ఎక్స్ యాక్సిస్ చుట్టూ తిప్పితే ఒక్కో చిన్న ముక్క ఒక్కో రింగ్ అవుద్ది, రింగ్ చుట్టుకొలత 2పై వై, వెడల్పు డీఎస్, అంటే కర్వ్ వెంబడి ఆ ముక్క పొడవు, రూట్ ఆఫ్ (1 ప్లస్ డీవై బై డీఎక్స్ హోల్ స్క్వేర్) ఇంటు డీఎక్స్. ఈ రెండూ గుణించి ఇంటిగ్రేట్ చెయ్యడమే. అందరూ అడిగేది ఒకటే, వాల్యూమ్‌కి డీఎక్స్ (ఎక్స్ యాక్సిస్ వెంబడి చిన్న ముక్క) సరిపోయింది కదా దీనికెందుకు సరిపోదు అని. మైపాడు బీచ్‌లో శనక్కాయలు పోసిచ్చే కాగితం పొట్లం ఉంటది చూడండి, దానికి ఎంత కాగితం పట్టిందో తేల్చేది పొట్లం ఎత్తు కాదు, ఏటవాలు పొడవు. అందుకే కోన్‌కి పై ఆర్ ఎల్. డీఎక్స్ పెట్టి చేసి చూడండి, పై ఆర్ హెచ్ వస్తది, అంటే తక్కువ. ముక్కని ఎంత సన్నగా కోసినా వాలు మాత్రం పోదు, వాల్యూమ్‌లో అయితే ఆ అంచు తేడా లిమిట్‌లో సున్నా అయిపోద్ది.

ఇప్పుడు అసలు సంగతి. డీఎస్‌ని విడిగా సాధించి రూట్‌తో కుస్తీ పట్టబాకండి, ముందు వై ఇంటు డీఎస్ మొత్తం కలిపి సింప్లిఫై చెయ్యండి, సగం లెక్కలు ఆడే పడిపోతాయి. సర్కిల్‌లో వై డీఎస్ అంటే ఆర్ డీఎక్స్ అంతే, రూట్ మాయం, 4పై ఆర్ స్క్వేర్ ఒక్క లైన్లో వస్తది. ఇంకో లాభం, గోళాన్ని హెచ్ దూరంలో రెండు సమాంతర తలాలతో యాడ కోసినా మధ్య పట్టీ ఏరియా 2పై ఆర్ హెచ్చే, నడుం దగ్గర కోసినా నెత్తి దగ్గర కోసినా ఒకటే, నాకైతే ఇప్పటికీ వింతే. వై ఈక్వల్స్ రూట్ ఎక్స్‌కి 0 నుంచి 2 దాకా ఎక్స్ యాక్సిస్ చుట్టూ చెయ్యండి, వై డీఎస్‌లో రూట్ ఆఫ్ ఎక్స్ ప్లస్ పావు మిగులుద్ది, జవాబు 13పై బై 3. అదే ఎక్స్ స్క్వేర్‌ని ఎక్స్ యాక్సిస్ చుట్టూ తిప్పమంటే మాత్రం లాగ్‌లు వచ్చి చాలా టైం తింటది, వై యాక్సిస్ చుట్టూ అయితే మామూలు సబ్‌స్టిట్యూషన్. కాబట్టి యాక్సిస్ ఏదో రెండుసార్లు చదవండి.

పారామెట్రిక్‌లో ఆస్ట్రాయిడ్ (నాలుగు మొనల నక్షత్రం లాంటి కర్వ్, ఎక్స్ ఈక్వల్స్ ఏ కాస్ క్యూబ్ టి, వై ఈక్వల్స్ ఏ సైన్ క్యూబ్ టి) దగ్గర గుంట ఉంది. వై డీఎస్ 3ఏ స్క్వేర్ సైన్ పవర్ 4 కాస్ అవుద్ది, దాన్ని నేరుగా 0 నుంచి పై వరకు చేస్తే సున్నా వస్తది! ఏరియా సున్నా ఏందబ్బా అనుకోబాకండి, రూట్‌లోంచి బయటికొచ్చేది కాస్ కాదు, మాడ్ కాస్. 0 నుంచి పై బై 2 దాకా చేసి డబుల్ చెయ్యండి, 12పై ఏ స్క్వేర్ బై 5. కార్డియాయిడ్‌ని (గుండె ఆకారం కర్వ్, ఆర్ ఈక్వల్స్ ఏ ఇంటు 1 ప్లస్ కాస్ తీటా) ఇనిషియల్ లైన్ చుట్టూ తిప్పినా పైన సగమే, 0 నుంచి పై, 32పై ఏ స్క్వేర్ బై 5. సైక్లాయిడ్ (ఏ రేడియస్ చక్రం దొర్లుతుంటే దాని అంచు మీద చుక్క గీసే కర్వ్) ఒక ఆర్చ్ బేస్ చుట్టూ 64పై ఏ స్క్వేర్ బై 3. ఈ మూడూ చేత్తో ఒక్కసారి చేసి పెట్టుకోండి చాలు.

పేపర్ సంగతి తెలిసిందే, 60 ప్రశ్నలు 100 మార్కులు 3 గంటలు, సెక్షన్ సి నెంబర్ టైప్ చేసేది, నెగటివ్ లేదు. ఇట్టాంటి లెక్కలు ఆడ బాగా కలిసొస్తాయి, కాకపోతే పైతో భాగించి అడిగాడా లేదా చూసుకుని కొట్టండి.

టోరస్ (గారె లాంటి ఆకారం) వస్తే ఇంటిగ్రేషన్ జోలికే పోబాకండి, పాపస్ థీరమ్ వాడండి, కర్వ్ పొడవు ఇంటు సెంట్రాయిడ్ తిరిగిన దూరం, 4పై స్క్వేర్ ఇంటు రెండు రేడియస్‌లు. అట్టాగే 1 బై ఎక్స్‌ని 1 నుంచి ఇన్ఫినిటీ దాకా తిప్పే లెక్క, 1640ల్లో ఇటలీ గణిత శాస్త్రవేత్త టోరిచెల్లి చూపించింది, వాల్యూమ్ పై, ఏరియా మాత్రం ఇన్ఫినిటీ. ఆడ ఇంటిగ్రేట్ చెయ్యనే అక్కర్లా, రూట్ ఎప్పుడూ 1 కంటే పెద్దదే కాబట్టి 2పై బై ఎక్స్‌తో పోల్చి డైవర్జ్ అని టిక్ పెట్టి పక్క ప్రశ్నకి పొండి.