టీలో అర చెంచా చొప్పున
చక్కెర ఒక్కసారిగా మానేస్తే వారం తిరక్కుండానే మళ్లీ డబ్బా మూత తీస్తాం. టీలో రెండు చెంచాలు వేసుకునేవాళ్లు ముందు ఒకటిన్నరకు దిగండి. రెండు వారాలు అక్కడే ఆగండి, నాలుక అలవాటు పడ్డాకే ఇంకో అర చెంచా తగ్గించండి. టీపొడి ఎక్కువసేపు మరిగితే వగరెక్కి తీపి కావాలనిపిస్తుంది. తక్కువ మరిగించి, యాలకులు దంచి వేయండి.

బెల్లానికి మారితే మానేసినట్టు కాదు, దయచేసి నమ్మండి. అదీ చాలావరకు సుక్రోజే, అంటే చక్కెరలో ఉండే పదార్థమే. షుగర్ ఉన్నవాళ్లు కూడా బెల్లం టీ ధీమాగా తాగేస్తుంటే భయమేస్తుంది.

అసలు గండం సాయంత్రం నాలుగింటికి. మధ్యాహ్నం అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తింటే ఆ వేళకి బిస్కెట్ల మీదికి మనసు పోతుంది. ఒక గరిటె అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. గుప్పెడు ఉడికించిన శనగలు దగ్గర పెట్టుకోండి.