మూత పెట్టిన పళ్ళెం

చికాగో శివార్లలో పద్దెనిమిదేళ్ళుగా కాపురముంటున్న నేను, అదే చికాగోకు ఉత్తరాన మిషిగన్ సరస్సు ఒడ్డునున్న లేక్ ఫారెస్ట్ అనే ఊరి కథను విజయనగరంలో మా అమ్మ ఇంట్లో, మేడ మీది గదిలో కూర్చుని చూశాను. మా అబ్బాయికి పదిహేడేళ్ళు. అమెరికన్ శివారు కుటుంబాల మీద వచ్చిన సినిమాలను పోల్చి ఒక వ్యాసం రాయమని వేసవి సెలవులకు బడిలో పని ఇచ్చారు. వాడు 1980 నాటి ‘ఆర్డినరీ పీపుల్’ పెట్టుకోగా, ఆవకాయ జాడీకి వాసెన కట్టి పైకి వచ్చిన మా అమ్మ కూడా పక్కన చేరింది.

అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులో చెప్పే పని వాడి మీద పడింది. పడవ ప్రమాదంలో పెద్దకొడుకు పోయాడు, బ్రతికి బయటపడ్డ చిన్నవాడు చనిపోవాలని ప్రయత్నించి, ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు అని వాడు చెప్పాడు. పొద్దున్నే ఫ్రెంచ్ టోస్ట్ చేసిన తల్లి, కొడుకు ఆకలి లేదనగానే ఆ పళ్ళెం తీసి సింకులోకి ఒంపేసే సన్నివేశం దగ్గర అమ్మ ఉలిక్కిపడింది. “ఏటే, గుంటడు తిననన్నాడని పారబోసేసిందేటి? మూతెట్టి ఉంచితే కాసేపాగి తింటాడు కదా!” అంది. నా చిన్నప్పుడు నేను అలిగి పడుకుంటే, మా ఇంట్లో అన్నం పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉండేది. రాత్రి పదింటికి లేచి దాన్ని ఎత్తితే లోపలి ఆవిరి చుక్కలై అన్నం మీద రాలేది. ఆ పళ్ళెమే అమ్మ నాతో మాట్లాడినట్టు ఉండేది.

పెరట్లో తల్లీకొడుకులు ఎదురెదురుగా నిలబడి చెరొక సంగతీ చెప్పుకునే చోట అమ్మ “ఇప్పుడేటంటున్నార్రా?” అని అడిగింది. వాడు తనకున్న కాస్త తెలుగులో మాటల కోసం వెతుక్కుని, “మాట్లాడుతున్నారు అమ్మమ్మా, కానీ ఏమీ చెప్పుకోవట్లేదు” అన్నాడు. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ దర్శకుడిగా తీసిన ఈ తొలి చిత్రానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. దాని గురించి నేను విన్న మాటలన్నిటిలోనూ ఇంత సరైన మాట మరొకటి లేదు.

‘అక్కడి సంసారాలు అంతే’ అని మన వైపు చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. విడాకులు, తాగుడు, హద్దులేని స్వేచ్ఛ కలిసి ఆ ఇళ్ళను కూలుస్తాయనీ, మన ఇళ్ళలో పప్పూ పూజా ఉన్నంతకాలం మనకు భయం లేదనీ నమ్మాను. 1999 నాటి ‘అమెరికన్ బ్యూటీ’ చూస్తే ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది. అందులో తండ్రి భోజనాల బల్ల దగ్గర పళ్ళెం ఎత్తి గోడకేసి కొడతాడు. ఆ విసురుకు మనం అదిరిపడతాం గాని, అదే బల్ల దగ్గర కూర్చున్న కూతురు ఏమనుకుంటోందో సినిమా అంత శ్రద్ధగా అడగదు. ఒక తల్లిగా నాకు అది పెద్ద లోటుగానే తోస్తుంది.

ఆంగ్ లీ తీసిన ‘ది ఐస్ స్టార్మ్’ (1997)లో, 1973 థాంక్స్‌గివింగ్ (అమెరికాలో నవంబరులో వచ్చే పండుగ) రోజుల నాటి కనెక్టికట్ రాష్ట్రపు పెద్దలు అంతకంటే దారి తప్పినవాళ్ళే. అయినా చలికి కాళ్ళు కొంకర్లు పోతున్న కూతుర్ని, ఆమెను మందలించిన తండ్రే చేతుల మీద ఎత్తుకుని అడవి దారిన ఇంటికి తీసుకువెళ్ళే ఘట్టం నా మనసులో నిలిచిపోయింది. ఆయన పిల్లతో మనసు విప్పి మాట్లాడలేడు గాని మోయగలడు. తైవాన్‌లో పుట్టి పెరిగిన దర్శకుడు కాబట్టే ఆ మోయడం ఆయన కంట పడిందని నా అభిప్రాయం. అంతకుముందు 1991లో ఆయనే తీసిన ‘పుషింగ్ హ్యాండ్స్’లో, చైనా నుంచి వచ్చిన ముసలి తండ్రి, అమెరికన్ కోడలు న్యూయార్క్ శివారు ఇంట్లో ఒకరి భాష ఒకరికి రాక, పగలంతా ఒకే కప్పు కింద మౌనంగా తిరుగుతుంటారు.

ఆ ముసలాయనలో నాకు మా నాన్న కనిపించాడు. 2016లో ఆయన మా దగ్గర ఆరు నెలలున్నాడు. మేము ఉద్యోగాలకు వెళ్ళిపోతే వీధి వైపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, “ఈ వీధిలో మనుషులే కనబడరేటమ్మా” అనేవాడు. బడి బస్సు వచ్చే వేళకు చెప్పులు వేసుకుని మలుపు దాకా వెళ్ళి నిలబడేవాడు. ఆ ఆరు నెలలూ మా వాడికి ఇంట్లో మాట్లాడే మనిషి ఆయనే.

2021 మే నెలలో నాన్న పోయినప్పుడు మేము రాలేకపోయాం. కర్మకాండ అంతా ఫోనులో చూశాం. మర్నాడు ఉదయం నేను మా వాణ్ణి ఆన్‌లైన్ పాఠాలకు కూర్చోబెట్టాను. వాడు ఏడవలేదు, నేను అడగలేదు. ఆ తరువాత వాడి మార్కులు పడిపోయినప్పుడు, కౌన్సెలర్‌తో మాట్లాడిస్తే మంచిదని బడి వాళ్ళు సూచిస్తే “మా వాడికేం, బాగానే ఉన్నాడు” అని తోసిపుచ్చాను. అమ్మ ఫోనులో అడిగినా అదే మాట: బాగానే ఉన్నాం. ‘ఆర్డినరీ పీపుల్’లో చెదరని ఇల్లు, తీర్చిన బల్ల, నలుగురిలో చిరునవ్వు తప్ప వేరే దిక్కు తెలియని ఆ తల్లిని తప్పుపట్టే అర్హత నాకుందా అని ఆ రోజు మేడ మీది గదిలో నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆ మౌనం నేను అమెరికాలో నేర్చుకున్నదని చెప్పి తప్పించుకోలేను. వీధి అరుగు మీద వెయ్యి మాటలాడే మా ఇంట్లోనే, నాన్న జబ్బు ముదిరిందన్న సంగతి మూడు వారాలు నా దగ్గర దాచారు.

సినిమా చివర తెల్లవారుజామున పెరట్లో తండ్రీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటారు. తల్లి అప్పటికే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆయమ్మని ఎవులూ అడగలేదు కదరా, నీకెలగుందని” అంది.

మా వాడు ల్యాప్‌టాప్ మూశాడు. గోడ మీద దండ వేసి ఉన్న ఫోటో వైపు చూస్తూ, నాకు నేరుగా వినిపించేలా, “అమ్మమ్మా, తాతయ్య లాస్ట్ డేస్‌లో నా గురించి అడిగారా?” అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. మంచినీళ్ళ వంకతో కిందికి వెళ్ళిపోవడానికి నేను అప్పటికే సగం లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టి, చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని, నాన్నకు జ్వరం తగిలిన మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.