మూడో నెల అంటే మార్చి కాదు

హెచ్4 ఈఏడీ, అంటే మా ఆయన వీసా మీద వచ్చిన నాకు పని చేసుకునే అనుమతి, చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి పని సాఫ్ట్‌వేర్ కాదు. పాత కాగితాలు స్కాన్ చేసే చిన్న కంపెనీలో కాంట్రాక్టు. ఎంసీఏ చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్లు టెస్టింగ్ చేసి, అమెరికా వెళ్లి గుమాస్తాగిరీనా అని అమ్మ నొచ్చుకుంది. తెర మీద ఒకవైపు పేజీ బొమ్మ, రెండోవైపు గడులు: పేరు, ఊరు, తేదీ, విషయం. చూసి కొట్టడమే.

ఆ బొమ్మలు పెన్సిల్వేనియా చెస్టర్ కౌంటీలో ఒక పల్లెటూరి క్వేకర్ మీటింగ్ పుస్తకాలవి. క్వేకర్లంటే ఒక క్రైస్తవ శాఖ, వాళ్ల సంఘాన్నే మీటింగ్ అంటారు. ఇక్కడి పాత పద్ధతి క్వేకర్లకు పాస్టర్ ఉండడు, పాటలుండవు. ఆదివారం గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి చెప్పి కూర్చుంటారు. ఇంత తక్కువ మాట్లాడేవాళ్లు కాగితం మీద మాత్రం ఏదీ వదల్లేదు. పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు అన్నీ రాసుకున్నారు. పెళ్లిపత్రం మీద ఆ రోజు వచ్చినవాళ్లందరి సంతకాలూ ఉంటాయి, పిల్లలవి కూడా. ‘ఎస్’ అక్షరం చాలాచోట్ల ‘ఎఫ్’లా కనిపిస్తుంది. మన బండి ఱ చూసి ఇప్పటి పిల్లలు తికమకపడ్డట్టే నేనూ పడ్డాను.

వారాలకూ నెలలకూ ఉన్న పేర్లు అన్యదేవతలవని వాళ్లు వాడేవారు కాదు. ఆదివారం ‘మొదటి రోజు’. నెలలకూ అంకెలే. మూడో నెల అని ఉంటే మార్చి అని కొట్టుకుంటూ పోయాను. మూడు వారాలు సాఫీగా సాగింది. 1751 పదో నెల తర్వాత పేజీ తిప్పితే ఒక్కసారిగా 1752 మొదటి నెల! రెండు నెలల పేజీలు పోయాయని మా పెద్దావిడకి మెయిల్ పెట్టాను. ఆవిడ నా కుర్చీ దగ్గరికొచ్చి నవ్వింది. “పేజీలేం పోలేదమ్మా. అంతకుముందువి ఎలా ఎక్కించావు?”

నా గుండె జారింది. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో, దాని అమెరికా వలసల్లో ఏడాది మార్చి 25న మొదలయ్యేది, క్వేకర్లకు మార్చే మొదటి నెల. మూడో నెల అంటే మే. 1752 నుంచి ఏడాదిని జనవరికి జరిపారు కాబట్టి 1751 డిసెంబర్‌తోనే, అంటే పదో నెలతోనే ముగిసింది. ఉగాది నాటికి సంవత్సరం మారే ఇంట్లో పెరిగినదాన్ని, నాకెందుకు తట్టలేదో! సెప్టెంబర్‌లో సప్త, అక్టోబర్‌లో అష్ట, నవంబర్‌లో నవ, డిసెంబర్‌లో దశ వినపడుతూనే ఉన్నాయి కదా. రెండు శనివారాలు కూర్చుని, డబ్బులేమీ రాకుండా, అన్నీ దిద్దాను.

దిద్దుతున్నప్పుడే అసలు చదవడం మొదలైంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారే మనిషికి పాత మీటింగ్ ఒక పత్రం ఇచ్చేది: ఇతని నడవడి మంచిది, అప్పులు తీర్చేశాడు, ఇక్కడ ఎవరికీ పెళ్లిమాట ఇచ్చి లేడు. కొత్త ఊళ్లో అది చదివి, చేర్చుకున్నామని రాసేవారు. చదువుతూ గట్టిగా నవ్వేశాను. ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మన రిలీవింగ్ లెటరే! నాది ఇప్పటికీ సూట్‌కేసు అరలో ప్లాస్టిక్ కవరులో ఉంది. కాకపోతే పెళ్లి సంగతి మన హెచ్‌ఆర్ అడగడు, పిన్నులు అడుగుతారు.

వెలి కూడా ఉంది. బయటివాళ్లను పెళ్లాడితే, తాగి అల్లరిచేస్తే, ముందు ఇద్దరు వెళ్లి మాట్లాడేవారు, వినకపోతే పేరు తీసేసేవారు. తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాస్తే మళ్లీ చేర్చుకునేవారు. అందులో ఆడవాళ్ల మీటింగ్ వేరు, వాళ్ల పుస్తకం వేరు, రాసే క్లర్కూ ఆడదే. పద్దెనిమిదో శతాబ్దపు పల్లెలో ఒక ఆడమనిషి తీర్మానం రాసి, అక్కడే చదివి వినిపించి, ఓటు లేకుండా అందరిచేతా సరేననిపించుకుంది. హైదరాబాద్ ఆఫీసులో మా స్క్రమ్ మీటింగుల మినిట్స్ మర్నాడొచ్చేవి, ఎవరూ తెరిచేవారు కాదు.

వీళ్లను మరీ పొగడాలని లేదు. 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు, మనుషుల్ని కొని అమ్మడం తప్పని సంతకం చేసి ఇచ్చారు. నెలవారీ మీటింగ్ ‘మాకు మించిన విషయం’ అని పైకి పంపింది, అది ఇంకా పైకి, అక్కడ పక్కన పెట్టారు. ఫైలు మన ఆఫీసుల్లో తిరిగినట్టే. బానిసల్ని వదలనివాళ్లను వెలివేయాలని ఫిలడెల్ఫియా వార్షిక సభ తీర్మానించేసరికి 1776 వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్లు. 1827లో వీళ్లే రెండుగా చీలారు కనుక ఒకే ఊరికి రెండు వరుసల పుస్తకాలు. అవి ఎక్కువగా స్వార్థ్‌మోర్, హావర్‌ఫోర్డ్ కాలేజీల్లో ఉన్నాయి.

కాంట్రాక్టు అయిపోయే వారంలో, మే నెల ఆదివారం, అదే కౌంటీలోని బర్మింగ్‌హామ్ మీటింగ్‌కి వెళ్లాం. 1763 నాటి రాతి ఇల్లు. 1777లో, అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో, బ్రాండీవైన్ యుద్ధం చుట్టూ జరిగితే, యుద్ధమే వద్దనే వీళ్ల ఇల్లు సైనికుల ఆస్పత్రి అయింది. లోపల పొడవాటి చెక్క బెంచీలు, వేదిక లేదు. పావుగంటకే మా ఆయన వాచీ చూసుకున్నాడు. గంట తర్వాత పక్కావిడ చేయి కలిపింది, మౌనం అయిపోయిందనడానికి అదే గుర్తు.

గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకం ఉంది. పేరు రాశాను. ఊరు అన్న గడిలో ఎక్స్‌టన్ అని రాసి, కింద తెనాలి అని చేర్చాను. తేదీ దగ్గర పెన్ను ఆగింది. ఐదో నెల అని రాశాను.