అడగకముందే అందే చేయి

కష్టంలో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగేదాకా ఆగితే ఆ సాయంలో సగం విలువ పోతుందని నాకు చాలా కాలంగా అనిపిస్తూ ఉండేది. ఆ ఆలోచననే నియమంగా మలచుకుని తరతరాలుగా పాటిస్తూ వచ్చిన సమాజం ఒకటి ఉందని, యూదుల ప్రార్థనా మందిరాలైన సినగాగుల జీవితం గురించి చదివాకే తెలిసింది. సినగాగ్‌కు హీబ్రూలో ఉన్న పేరు ‘బేత్ క్నెసెత్’, అంటే కూడుకునే ఇల్లు. అక్కడ ప్రార్థన ఎంత ముఖ్యమో, ఆ వారం రానివారు ఎందుకు రాలేదో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం.

నన్ను అన్నిటికన్నా కదిలించింది యూదుల ప్రాచీన ధర్మ గ్రంథమైన తాల్ముద్‌లోని బుట్టల సంగతి. ఒకప్పుడు చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు వారు భోజనం పంపేటప్పుడు ధనికులకు వెండి, బంగారు బుట్టల్లోనూ, పేదలకు ఒలిచిన చువ్వలతో అల్లిన బుట్టల్లోనూ పంపేవారట. పేదలు సిగ్గుపడుతున్నారని గమనించి, వారి గౌరవం కోసం ఇకపై అందరికీ చువ్వల బుట్టల్లోనే పంపాలని పెద్దలు నిర్ణయించారు. పేదల బుట్టను మెరిపించాలని చూడకుండా ధనికుల బుట్టను సాదాగా మార్చడంలో ఎంత లోతైన ఆలోచన ఉందో చూడండి. శవానికి కట్టే బట్టల విషయంలోనూ ఇదే జరిగింది. అంత్యక్రియల ఖర్చు చావుకన్నా భారమైపోయిన రోజుల్లో రబ్బాన్ గమ్లియేల్ అనే యూదు పెద్ద తనను మామూలు నార బట్టల్లోనే సాగనంపమని చెప్పగా, ఆ పద్ధతే అందరిదీ అయింది. ఈనాటికీ ‘హెవ్రా కడీషా’ అనే బృందంలోని వారు, పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు, శవాన్ని కడిగి, జేబులు లేని తెల్లని బట్టలు తొడుగుతారు. చనిపోయినవారు తిరిగి ఏమీ ఇవ్వలేరు కాబట్టి దీనిని నిజమైన దయ అంటారు.

ఖననం తరువాత ఇంట్లోనే ఉండి దుఃఖం పాటించే ఏడు రోజులను ‘షివా’ అంటారు. తొలి భోజనం దుఃఖంలో ఉన్నవారి సొంత వంటింటి నుంచి రాకూడదు, ఇతరులే తేవాలి. పరామర్శకు వచ్చినవారు దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా మౌనంగా కూర్చోవాలి. ఈ నియమం చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. తల్లిని పోగొట్టుకున్న ఒక స్నేహితుడి ఎదుట, ఆ నిశ్శబ్దాన్ని భరించలేక, గంటసేపు ఏదేదో మాట్లాడి వచ్చిన రోజు గుర్తుకు వచ్చింది.

రోగిని చూడడానికి వెళ్ళే ధర్మాన్ని ‘బికుర్ హోలీం’ అంటారు. వెళ్ళిన ప్రతి మనిషీ రోగి బాధలో అరవయ్యో వంతు తీసుకుపోతాడని తాల్ముద్ చెబుతుంది. అలాగైతే అరవై మంది వెళ్తే రోగం పూర్తిగా పోవాలి కదా అని అక్కడే ప్రశ్న వస్తుంది; ఒక్కొక్కరు తీసుకుపోయేది మిగిలిన దానిలో అరవయ్యో వంతేనని జవాబు. ఎంతమంది వెళ్ళినా కొంత బాధ మిగిలే ఉంటుందని ఇంత సూటిగా ఒప్పుకోవడం నాకు నచ్చింది. ఎవరూ పట్టించుకోని ఒక శిష్యుణ్ణి చూడడానికి రబ్బీ అకీవా అనే గురువు వెళ్ళగా, ఆయన రాకతో ఆ గది ఊడ్చి నీళ్ళు చల్లారని, ఆ శిష్యుడు బతికాడని కూడా అక్కడే ఉంది.

డబ్బు సాయం గురించి క్లుప్తంగా చెబుతాను. దానానికి యూదులు వాడే ‘త్సెదాకా’ అనే మాట న్యాయం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. 12వ శతాబ్దపు పండితుడు మైమొనిడీస్ దానంలో 8 మెట్లు చెప్పి, అప్పు ఇచ్చో, భాగస్వామిగా చేర్చుకునో, పని చూపించో మనిషిని తన కాళ్ళ మీద నిలబెట్టడాన్ని అన్నిటికన్నా పై మెట్టుగా ఉంచాడు. వడ్డీ లేని అప్పులిచ్చే ‘గెమాహ్’ నిధులు ఇప్పటికీ అనేక సమాజాల్లో నడుస్తున్నాయి.

ప్రేమను నియమంగా విధించడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే అలసిపోయిన రోజున, ఇష్టం లేని మనిషి ఇంటికి కూడా మనల్ని నడిపించేది నియమమేనని నేను నమ్ముతాను. చనిపోయినవారి కోసం చెప్పే ‘కద్దీష్’ ప్రార్థనను ఒంటరిగా చెప్పకూడదు, పదిమంది ఉండాలి. సంప్రదాయవాదులు ఆ పదిమందిలో పురుషులనే లెక్కిస్తారు, మరికొన్ని శాఖల వారు స్త్రీలనూ లెక్కిస్తారు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు చాలాచోట్ల 11 నెలల పాటు కద్దీష్ చెబుతారు కాబట్టి, అన్ని నెలలూ తెల్లవారకముందే లేచి, తనకు ఏమీ కాని ఒకరి తండ్రి కోసం పదో మనిషిగా వచ్చి నిలబడేవారు ఉండాలి. ఏడో రోజున షివా ముగిశాక, దుఃఖంలో ఉన్నవారు గడప దాటి వీధిలో కొంత దూరం నడిచి వచ్చే ఆచారం చాలాచోట్ల ఉంది. ఆ కాస్త దూరమూ వారి పక్కన ఎవరో ఒకరు నడుస్తారు.