రోడ్డు కిందకి పీచు వల అల్లిచ్చాం: నా అనుభవం

మార్చి నెలాఖర్లో ఆఖరి బిల్లు డబ్బు మా సంఘం ఖాతాలో పడింది. సంతోషం ఉంది, కోపం కూడా ఇంకా పోలేదు. రెండూ చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. డ్వాక్రాలో పదిమందిమి. కోనసీమలో కొబ్బరి డొక్కలకి కొదవేముంది? పొయ్యిలో పెట్టగా మిగిలినవి పీచు మిల్లుకి వేసేవాళ్ళం, ఇచ్చిందే రేటు. తర్వాత కొబ్బరి పీచు పరిశ్రమని చూసే కేంద్ర సంస్థ కాయర్ బోర్డు వాళ్ళ శిక్షణలో తాడు పేనడం నేర్చుకున్నాం. పీఎంఈజీపీ అనే కేంద్రం ఉపాధి పథకం కింద లోను తీసుకుని రెండు మగ్గాలు పెట్టాం. పల్లెల్లో ఆడవాళ్ళకి ఇందులో 35 శాతం సబ్సిడీ, చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతమే. బ్యాంకు వాళ్ళు నాలుగుసార్లు తిప్పారు కానీ అది అందరికీ ఉండేదే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, పది నిమిషాల పని. దానికి పైసా ఖర్చు లేదు. మా దగ్గర నెట్ సెంటరు కుర్రాడు 1,500 లాగాడు, అంతటి తెలివైనవాడికి మీరు దొరక్కండి.

ఇక రోడ్డు సంగతి. మా కాలువ గట్టు రోడ్డు ఎన్నిసార్లు వేసినా దిగిపోతుంది. మన డెల్టా మట్టి బంక మట్టి. వానకి మెత్తబడుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. మీద పోసిన గ్రావెల్ మెల్లగా మట్టిలోకి దిగిపోతుంది, మట్టి పైకి తేలుతుంది. ఈ రెంటికీ మధ్యన కొబ్బరి పీచుతో అల్లిన వల పరిస్తే అవి కలవవు, నీరు కూడా నిలవకుండా జారిపోతుంది. కొన్నేళ్ళకి పీచు మట్టిలో కలిసిపోయినా ఆపాటికి కింద నేల గట్టిపడి ఉంటుంది. బోర్డు వాళ్ళు దీన్ని భూవస్త్ర అంటారు, మా షెడ్డులో వల అనే అంటాం. 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో విడత రోడ్లకి కేంద్రం దీన్ని ఒప్పుకుంది. ఏడు రాష్ట్రాల్లో కలిపి 1,674 కిలోమీటర్లు అనుకున్నారు, అందులో మన రాష్ట్రానికి 164. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా ముందు ఇవే చదివేదాన్ని.

మా దగ్గర ఒక రోడ్డులో అరకిలోమీటరు మేర వల పరవాలని ఎస్టిమేటులో ఉంది. కాంట్రాక్టరు బయట జిల్లా మనిషి. సరుకు తమిళనాడు నుంచి తెప్పిస్తానన్నాడు. ఊరి నిండా డొక్కలు పెట్టుకుని, లారీ కిరాయి ఇచ్చి అంత దూరం నుంచి పీచు తేవడమేమిటని నేనే వెళ్ళి అడిగాను. ఒప్పుకున్నాడు. చదరపు మీటరుకి 700 గ్రాములుండాలి, మొత్తం 3,000 చదరపు మీటర్లు కావాలి. రేటు ఎంతో రాయను, చదివినవాళ్ళు అక్కడి నుంచి బేరం మొదలుపెడతారు.

ఇక్కడిదాకా నల్లేరు మీద బండి నడకే. ఆ తర్వాతే పడ్డాం.

నవంబరులో మగ్గం ఎక్కాం. వారం పది రోజులుగా ముసురు. మీటరుకి మీటరు ముక్క కోసి కిరాణా కొట్టు కాటా మీద పెడితే 704 వచ్చింది. ఎగిరి గంతేశాం. శాంపిల్ కేరళలో కలవూరు ల్యాబుకి పంపి, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా 800 చదరపు మీటర్లు అల్లేశాం. అదే మా తొందర.

రిపోర్టులో 643 అని ఉంది.

కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు సైటు దగ్గరికి రమ్మన్నాడు. నేను, ఇంకో ఇద్దరం వెళ్ళాం. ట్రాక్టరు డ్రైవర్లు, కూలీలు, టీకొట్టు ఆయనతో సహా పదిహేను మంది ఉంటారు. సూపర్‌వైజరు మా వల ముక్క తీసుకుని, తడి తువ్వాలు పిండినట్టు రెండు చేతుల్తో మెలిపెట్టాడు. నీళ్ళేమీ రాలేదు. అయినా చేతులు దులుపుకుని, "పాలల్లో నీళ్ళు కలపడం చూశాను గానీ పీచులో కలపడం ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఊరి కూలీలు కూడా నవ్వారు. వాళ్ళలో ఇద్దరి భార్యలు మా సంఘంలోనే ఉన్నారు.

నోరు పెగల్లేదు. మామూలుగా నేను మాట పడే మనిషిని కాను. కానీ తూకం తగ్గిందని కాయితం మీద ఉన్నప్పుడు ఏమనాలి? ఆటోలో వస్తున్నంతసేపూ మాలో ఎవరైనా తాడు సన్నగా పేనారా అన్న పాడు ఆలోచనే. ఆ రాత్రి సంఘంలో గొడవ కూడా అయింది. తాడు పేనే చెల్లెమ్మ ఒకావిడ రెండు రోజులు షెడ్డుకి రాలేదు. ఆమెని అనుమానించిన వాళ్ళలో నేనూ ఉన్నాను, దాచడం ఎందుకు.

తీగ లాగింది మా అత్తగారు. నేను వంటింట్లో గొణుక్కుంటుంటే విని, "కురిడీ తూకం వానకొకటి, ఎండకొకటి అని మీ మామగారు నెత్తీ నోరూ కొట్టుకునేవారు కదే" అన్నారు. మా మామగారు అటక మీద కొబ్బరికాయలు ఎండబెట్టి కురిడీలు చేసి అమ్మేవారు. ముసురులో కురిడీ అమ్మినవాడికి లాభం, కొన్నవాడికి నష్టం.

వెంటనే ఒక ముక్క కోసి తూచాను, 706. అటకెక్కించి కింద సన్నగా పొగ పెట్టి రెండు రోజులు వదిలేశాను. దించి తూస్తే 641. మళ్ళీ వసారాలో జల్లు తగలని చోట దండెం మీద వేశాను. ఒక్క చుక్క నీరు పడలేదు. ముసురు గాలికే మూడోనాటికి మళ్ళీ 700 దగ్గరికి వచ్చింది. అప్పుడు రిపోర్టు తీసి మళ్ళీ చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 27 డిగ్రీల వేడి, గాలిలో 65 శాతం తేమ. బట్టలకీ తాళ్ళకీ పరీక్ష చేసేటప్పుడు అందరికీ అదే లెక్కట. నవంబరు ముసురులో మన గాలి ఎక్కడ, 65 ఎక్కడ! పీచు గాలిలో తేమని తాగుతుంది. మేం తూచిన దాంట్లో అరవై గ్రాములకి పైగా వాన ఉంది.

చెల్లెమ్మ ఇంటికి నేనే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. ఆమె ఇప్పటికీ నాతో పొడిపొడిగానే మాట్లాడుతుంది.

ఆ 800 మీటర్లు కాంట్రాక్టరు తీసుకోలేదు. రొయ్యల చెరువుల వాళ్ళు గట్లు జారకుండా పరుచుకుంటామని సగం ధరకి పట్టుకెళ్ళారు. తర్వాత అడ్డ పోగులు దగ్గర చేసి, ఆరిన ముక్క 720 తూగేలా అల్లాం. ల్యాబులో పాసైంది. జనవరిలో సరుకు దించేశాం.

ఒక మాట అనకపోతే నిద్ర పట్టదు. మహిళా దినోత్సవానికి మమ్మల్ని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. వెనక ఫ్లెక్సీ మీద సాధికారత అని మూరెడు అక్షరాలు. ఆ శాలువా కప్పిన చేతుల్లో ఒక్కటి కూడా, మా బిల్లు ఎప్పుడొస్తుందని ఎవరికీ ఫోన్ చేయలేదు. రోడ్డు పనొస్తే ఊరికి మిగిలేది పది రోజుల కూలి, టీకొట్టుకి నాలుగు బేరాలు. మేం సరుకు అమ్మాం, ఆ తేడా ఫ్లెక్సీ వేయించిన వాళ్ళకి తెలుసో లేదో.

బిల్లు విషయంలో మాత్రం చట్టం పనికొచ్చింది. చిన్న తయారీదారుకి డబ్బు 45 రోజులు దాటకుండా ఇవ్వాలని 2006 చట్టంలోనే ఉంది, ఒప్పందం కాయితం రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. ఇదంతా చెప్తే కాంట్రాక్టరు నవ్వాడు. అయితే గడువు దాటిన బాకీ మార్చి 31 లోపు తీర్చకపోతే, ఆ ఏడాది ఆదాయపన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూపించుకోనివ్వరు. 2024 మార్చితో ముగిసిన ఏడాది నుంచి ఈ రూలు వచ్చింది. మార్చి మూడోవారంలో వాళ్ళ ఆడిటరు మా ఉద్యమ్ నంబరు అడుగుతూ ఫోన్ చేశాడు. ఫిబ్రవరి అంతా మా ఫోను ఎత్తని కాంట్రాక్టరు నాలుగు రోజుల్లో డబ్బు వేశాడు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు పెద్ద అక్షరాల్లో వేయించండి.

మొన్న ఆ సూపర్‌వైజరే ఫోన్ చేశాడు. ఇంకో రోడ్డుందట, ఈసారి 900 గ్రాముల వల కావాలట. "తడి తూకమా, పొడి తూకమా?" అని అడిగాను. కాసేపు పలకలేదు. "మీరెలా అంటే అలాగే మేడం" అన్నాడు. సగం అడ్వాన్సు పడ్డాకే మగ్గం ఎక్కుతామని చెప్పాను. ఇంకా పడలేదు.