దొడ్లో కోళ్లూ కుందేళ్లూ: నవంబర్ నుంచి జూన్ దాకా

నవంబర్

తెనాలి దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక ఆరు సెంట్ల దొడ్డి ఉంది. నాలుగు కొబ్బరి చెట్లు, ఒక మునగ, అవతల పంట బోదె, బోదె దాటితే వరి చేలు. పదకొండు నాటు పెట్టలు, అసీల్ అనే పందెం జాతి పోలికలున్న ఒక పుంజు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ నెల మొదట్లో న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు మూడు తెచ్చాను. రెండు ఆడవి, ఒకటి మగది, మూడింటికీ నాలుగు నెలల వయసు. కోళ్ల పాక పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. పగలంతా ఖాళీగానే ఉంటుంది కదా అని కుందేళ్లను అందులోనే వదిలాను.

వారం రోజులు కోళ్లతో గొడవేం లేదు. కోళ్లు కాసేపు వింతగా చూసి వాటి పని అవి చూసుకున్నాయి. మొదట దెబ్బ కొట్టింది మేత. కుందేళ్లు నూక, తౌడు, కోళ్ల దాణా ఎగబడి తిన్నాయి. మూడో రోజుకే ఒక ఆడదానికి పెంటికలు మెత్తబడి తోకకు అంటుకున్నాయి. కుందేలు పొట్ట పీచు మీద నడుస్తుంది, గింజ ఎక్కువైతే తట్టుకోలేదు. పైగా కోళ్ల దాణాలో రక్తపారుడు రాకుండా కలిపే మందుల్లో కొన్ని కుందేళ్లకు విషం. దాణా గిన్నెను రెండడుగుల ఎత్తున వేలాడదీశాను. కుందేళ్లకు గరిక, అవిశ ఆకు, వేరుశనగ కట్టె ఇస్తున్నాను. గట్ల మీద దొరికే గడ్డి చామంతి అంటే వాటికి ప్రాణం.

డిసెంబర్

కోళ్లు రాత్రి వాసం మీద ఎక్కి పడుకుంటాయి, కుందేళ్లు దాని కిందే. తెల్లారేసరికి తెల్లటి వీపుల మీద రెట్టలు. అసహ్యం ఒక్కటే కాదు, రోగాల భయం కూడా. కోళ్ల రక్తపారుడు క్రిములు కుందేళ్లకు అంటవు, వాటివి వీటికి అంటవు. పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి మాత్రం కుందేలు ముక్కులో ఊరికే ఉండి, కోళ్లకు చేరితే కోళ్ల కలరా అనే జబ్బు తేవచ్చు. సాల్మొనెల్లా అయితే రెండింటికీ ఉమ్మడి శత్రువు.

ఈ నెలలోనే పొడవడం మొదలైంది. ఆకు వేసే చోట ఒక పెట్ట కుందేలు చెవి అంచును పొడిచింది. పెసరగింజంత గాయం. ఎర్రగా కనిపించేసరికి మిగతా పెట్టలు కూడా అక్కడే పొడిచాయి. సాయంత్రానికి చెవి అంచు రంపపు పళ్లలా అయింది. నాలుగు రోజులకు పుంజు ఎగిరి తన్నితే మగ కుందేలు కంటి కింద దాని కాలి ముల్లు గీసుకుపోయింది. ఇంకొక్క గింజంత పైన తగిలి ఉంటే కన్ను పోయేది. పశువుల డాక్టర్ గారు ఆయింట్‌మెంట్ రాసిచ్చి, "ముందు వాటిని విడదీయండి" అన్నారు.

మగ కుందేలు కూడా ఊరుకోలేదు. ఐదో నెల రాగానే పెట్టల వెంటపడి మీదికెక్కడం, మెడ దగ్గర ఈకలు పట్టి పీకడం. ఒక పెట్టకు వీపు బోడి అయింది. అదే రోజు మగదాన్ని వేరే గూట్లోకి మార్చాను. రెండు ఆడవీ ఒకదాన్నొకటి తరుముకుంటుంటే పాకలో చెక్కలతో రెండు అరలు కట్టి విడిగా ఉంచాను.

ఫిబ్రవరి

జనవరి 16న ఒక ఆడదాన్ని మగదాని గూట్లోకి చేర్చాను. సరిగ్గా 31 రోజులకు, ఫిబ్రవరి 16 తెల్లవారుజామున ఈనింది. పొట్ట మీది బొచ్చు పీక్కుని పెట్టెలో పరుచుకుంది. లోపల ఏడు పిల్లలు, వెంట్రుక లేని గులాబి రంగు ఒళ్లు, మూసుకున్న కళ్లు. తల్లి రోజుకు ఒకట్రెండుసార్లే పాలిచ్చి దూరంగా ఉంటుంది, అది దాని తీరు. పెట్టె నేల మీదే ఉంది. తల్లి కాస్త తిరుగుతుందని అర తలుపు తెరిచి పొలం వెళ్లాను.

పదకొండింటికి వచ్చి చూస్తే బూడిద రంగు పెట్ట ఆ పెట్టెలో కూర్చుని ఉంది. గుడ్డు పెట్టడానికి మెత్తటి చోటు వెతుక్కుంటూ దూరింది. కాళ్లతో గీరి బొచ్చంతా బయటికి చిమ్మింది. ముక్కు చివర తెల్లటి బొచ్చు పోగు, దానికి చిన్న నెత్తుటి చుక్క. పెట్టను తీసి చూస్తే రెండు పిల్లలు పోయాయి, ఒకదానికి వీపు చీరుకుపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే వేలంత కూడా లేదు. సాయంత్రం దాకా ఊపిరి తీసి పోయింది. నాలుగు మిగిలాయి. ఆ పెట్టను ఒక్క మాట అనలేను, దానికి కనపడింది మెత్తటి చోటు. తలుపు తెరిచి వెళ్లింది నేను.

మార్చి

గూళ్లు ఎత్తు మీదకు మార్చాను. ఒక్కో గూడు రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, నేల నుంచి మూడడుగుల పైన. చుట్టూ అరంగుళం కన్ను వెల్డ్ మెష్, అంటే అతికిన ఇనప తీగల గట్టి జాలీ. అడుగున ఒక పక్క చెక్క పలక వేశాను, ఎప్పుడూ తీగ మీదే ఉంటే కుందేలు పాదాలు పుండ్లు పడతాయి. నాలుగు కాళ్లూ నీళ్లు పోసిన డబ్బాల్లో ఉంచాను, ఎర్రచీమలు పట్టాయంటే పసి పిల్లలు మిగలవు. కింద పడే పెంటికల్ని కోళ్లు గీరి పురుగులు ఏరుకు తింటున్నాయి, ఈగలు బాగా తగ్గాయి. మూత్రం వాసన ఘాటు పెరగకుండా రెండు రోజులకోసారి అక్కడ ఊడ్చి తీరాలి.

పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా దొడ్డి కుందేళ్లది, మగదొక రోజు, ఆడవాటిలో ఒకటి మరో రోజు. అవి గూళ్లలోకి వెళ్లాకే కోళ్లు బయటికి. పిల్లల కోడి ఉన్న రోజుల్లో కుందేళ్లను అసలు దింపను. పిల్లలున్న పెట్ట ముందు పుంజు కూడా పనికిరాదు.

నెలాఖరులో పట్టపగలు ముంగిస వచ్చి రెండు కోడిపిల్లల్ని ఎత్తుకెళ్లింది. మన దగ్గర ముంగిస తిరిగేది పగలే.

"ఉచ్చు పెడదాం రా," అన్నాడు పక్కింటి బాబాయ్.

"వద్దు బాబాయ్, దాన్ని పట్టుకుంటే కేసు అవుతుంది."

"మరి పిల్లలు పోతుంటే చూస్తూ కూర్చుంటావా?"

"కూర్చోను. బోదె వైపు జాలీ మార్చేస్తాను."

ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. బోదె వైపు అడుగు లోతు తవ్వి వెల్డ్ మెష్ దింపాను. కింది అంచును బయటి వైపు అడుగున్నర వంచి మట్టి కప్పాను. కంచె మొదట్లో తవ్వే జంతువుకు ఆ జాలీ కాళ్లకు అడ్డం పడుతుంది. పిల్లల కోడిని మూడు వారాలు గంప కింద నుంచి కదలనివ్వలేదు.

ఏప్రిల్

ఈ నెల రాసుకోవడం కష్టంగా ఉంది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు గూళ్ల నుంచి దబ్ దబ్ అని చప్పుడు. ప్రమాదం పసిగడితే కుందేలు వెనక కాళ్లతో నేలను తంతుంది. టార్చ్ వేసుకుని వెళ్లేసరికి మూడు వీధి కుక్కలు గూళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. జాలీ మార్చని వైపు కంచె ఇంకా ఆరు పలకల కన్నుల కోళ్ల జాలీయే, దాన్ని పంటితో చింపి లోపలికి వచ్చాయి. ఆ జాలీ కోడి బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్కను ఆపలేదు. కోళ్లు పాకలో వాసం మీద కదలకుండా ఉన్నాయి. ఏ గూడూ తెరుచుకోలేదు, ఒంటి మీద గాయం లేదు. అయినా ఈనిన ఆడ కుందేలు మూలకు ఒదిగి చచ్చిపోయి ఉంది. భయానికే గుండె ఆగింది. పిల్లలు ఎనిమిది వారాలవి, పాలు మరిచాయి కాబట్టి బతికాయి.

కోళ్లకు తలుపు గట్టిగా ఉంటే చాలు. కుందేలుకు శత్రువు దగ్గరికి రాకూడదు, కంటికి కనపడకూడదు. గూళ్లకు మూడు వైపులా రేకులు కొట్టించాను. ప్రతి గూట్లో ఒక చీకటి పెట్టె పెట్టాను. గూళ్లకు రెండడుగుల దూరంలో నేల నుంచి పైదాకా ఇంకో వరస వెల్డ్ మెష్ వేశాను. అది లేకపోతే పిల్లి వచ్చి గూడు అడుగు తీగ కింద నుంచే కుందేలు పాదం పట్టి లాగుతుంది.

మే, జూన్

ఎండలు మండిపోయాయి. 35 డిగ్రీలు దాటితే కుందేలు ప్రాణానికే ముప్పు. మధ్యాహ్నం రేకుల మీద తడి గోనె పట్టాలు, గూట్లో ఐస్ కట్టిన నీళ్ల సీసా. కోళ్లు మునగ కింద గుంట తీసుకుని పడుకున్నాయి. మే మూడో వారంలో ఒక జెర్రిపోతు పాక చూరు నుంచి గుడ్ల బుట్టలోకి దిగింది. కర్రతో అదిలిస్తే బోదెలోకి పోయింది. చూరు సందుల్ని సిమెంటుతో పూడ్చాను, గుడ్లు రోజుకు రెండుసార్లు తీస్తున్నాను.

ఇవాళ జూన్ 12. తొమ్మిది పెట్టలు, పుంజు, ఆరు కుందేళ్లు ఉన్నాయి. రెండో ఆడ కుందేలు నిండు చూలు, ఈ వారంలోనే ఈనాలి. పెట్టెకు మూత పెట్టాను, తల్లి మాత్రమే దూరేలా ఆరంగుళాల సందు ఉంచాను. గూడుకు పైన గడియ, కింద కొక్కెం. బూడిద పెట్ట ఇప్పుడు కూడా పొద్దున్నే ఆ గూడు ముందున్న జాలీ దాకా వచ్చి నిలబడి పైకి చూస్తుంది. దానికోసం పాకలో గోనె పరిచిన బుట్ట ఒకటి విడిగా పెట్టాను, నిన్నటి నుంచి అందులోనే గుడ్డు పెడుతోంది.